బంతాట నేర్పిన బడిపంతులు: సయ్యద్ అబ్దుల్ రహీం

హైదరాబాదు నగరంలో పాతకాలపు ఫుట్‌బాల్ ఆటను ఎరిగిన అభిమానులు నలుగురు ఒకచోట చేరితే, చాయి చల్లారేలోపల ఒక వివాదం తలెత్తడం రివాజు. కుడి అంచున పరుగెత్తిన ప్రదీప్ కుమార్ బెనర్జీ ఘనుడా, ఎడమ అంచున ఆడిన తులసీదాస్ బలరాం ఘనుడా అన్నది ఆ వివాదం. ఒకరు బెనర్జీ వేగాన్ని, పిడుగువంటి అతని తన్నును స్మరిస్తారు. వేరొకరు, ఎంత ఎత్తునుండి దిగిన బంతి అయినా బలరాం కాలికి తగలగానే పెంపుడు పిల్లివలె పాదం దగ్గర ఒదిగిపోయేదని, ఆ తొలి తాకు ముందు వేగం ఏపాటిదని ఎదురు ప్రశ్న వేస్తారు. మూడవవారు చునీ గోస్వామి పేరు తెచ్చి, ముగ్గురు నలుగురిని ఏమార్చి పోగలిగినవానికి అంచు అయితేనేమి, నడుమ అయితేనేమి అంటారు. ఆ ఆటగాళ్ళను కళ్ళారా చూసినవారు ఇప్పుడు బహు తక్కువ. తండ్రులవలన, పినతండ్రులవలన విన్నవారే ఎక్కువ. అయినా వాదంలోని వేడి మాత్రం తగ్గలేదు. కావ్యానికి అలంకారం ప్రధానమా, రసం ప్రధానమా అని మన లాక్షణికులు శతాబ్దాలపాటు తర్కించినట్లే ఇదీ ఒక పట్టాన తెగేది కాదు.

విచిత్రమేమంటే, ఈ వివాదంలో వినవచ్చే ముగ్గురికీ గురువు ఒక్కరే. ఆయన తాను బంతి తన్నడంవల్ల లోకప్రసిద్ధి పొందినవారు కారు. కాచిగూడ బడిలో పిల్లలకు పాఠాలు చెప్పిన ఉపాధ్యాయులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. నగరం ఆయనను రహీం సాహెబు అని పిలుచుకున్నది. బంతిని కాలితో ఎంతసేపు అట్టిపెట్టుకోవాలి, ఎప్పుడు వదలాలి అన్న ప్రశ్నకు ఆయన దగ్గర స్థిరమైన సమాధానం ఉండేది. ఆ సమాధానాన్ని ఆయన మాటలతో వాదించలేదు. ఒక తరం కుర్రవాళ్ళ కాళ్ళకు నేర్పారు.

రహీం సాహెబు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. అది నిజాం పాలన సాగుతున్న కాలం. సికింద్రాబాదు దండులో తెల్ల సైనికుల పటాలాలు విడిది చేసి ఉండేవి. సాయంకాలాలలో వారు మైదానాలలో ఫుట్‌బాల్ ఆడుతుంటే, గట్లమీద నిలబడి చూసిన మన పిల్లలు ఇంటికి పోయి గుడ్డబంతులతో అదే ఆటను ఆడుకునేవారు. జంటనగరాలలో ఈ ఆట వేళ్ళూనుకున్నది అలాగే. రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. అక్కడి విద్యార్థులలో మేటి ఆటగాళ్ళలో ఒకరుగా పేరు తెచ్చుకున్నారు. పూర్వ విద్యార్థులు, నాటి విద్యార్థులు కలిసి కూర్చుకున్న ఎలెవన్ హంటర్స్ అనే జట్టులో ఆడారు. అటుపిమ్మట కమర్ క్లబ్బు తరఫున స్థానిక పోటీలలో పాల్గొన్నారు. కాని ఆటగాడుగా ఆయన జీవితం ఆయన కథలో పీఠిక మాత్రమే.

పట్టా పుచ్చుకున్న తరువాత ఆయన బోధనావృత్తిలో ప్రవేశించారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పనిచేసిన బడులు. నడుమ వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది, చివరి రెండు పాఠశాలలలో క్రీడల బాధ్యత వహించారు. బడిలో డ్రిల్లు మాస్టరుకు గల గౌరవం ఎంతటిదో ఉపాధ్యాయలోకానికి ఒకరు చెప్పనక్కరలేదు. పరీక్షలు దగ్గరపడితే ముందుగా రద్దయ్యేది ఆయన పీరియడే. అటువంటి పీరియడునుండి ఒక దేశపు జట్టుకు శిక్షకుడు తయారుకావడం మన విద్యాచరిత్రలో అరుదైన సంగతి.

1940లలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. మరణించేవరకు ఆ పదవిలో ఉన్నారు. ఊళ్ళోని ఆటనంతటినీ దగ్గరగా పరిశీలించే అవకాశం ఆయనకు దీనివలన కలిగింది. అప్పుడు ఆయనకు తోచిన లోపం ఒకటే. గల్లీలలో ఆడి పెరిగిన కుర్రవాళ్ళకు చురుకుదనం ఉన్నది; బోసికాళ్ళతో బంతిని సూది చుట్టూ దారంవలె తిప్పగల నేర్పు ఉన్నది. కాని ప్రతివాడూ బంతి తనదే అనుకుంటాడు. ఇద్దరిని తప్పించి మూడవవాని చేతికి చిక్కుతాడు. పక్కన నిలబడ్డ స్నేహితుడు చేతులూపి అలసిపోతాడు. చూసేవారు చప్పట్లు కొడతారు, జట్టు ఓడిపోతుంది.

ఈ రోగానికి ఆయన కనిపెట్టిన మందు ఉపాధ్యాయునికే తట్టగలది. ఉపన్యాసాలివ్వలేదు, తిట్టలేదు. నియమాలు మార్చి పోటీలు పెట్టారు. ఒక పోటీలో డ్రిబ్లింగు నిషిద్ధం. ఎదుటివానిని ఏమార్చి బంతిని తీసుకుపోయే ప్రసక్తి లేదు. వచ్చిన బంతిని అదుపు చేయాలి, వెంటనే తనవానికి అందించాలి. మరొక పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం గలవాడు ఎడమకాలితోను, ఎడమకాలి వాటంవాడు కుడికాలితోను తన్నాలి. ఇంకొకటి పొట్టివారికి మాత్రమే. నిర్ణీతమైన ఎత్తు మించినవారికి ప్రవేశం లేదు. ఎత్తైన పిల్లల భుజాల చాటున మరుగుపడిపోయే చిన్నవాళ్ళకు అదొక అవకాశం.

పెదవులు తగలని అక్షరాలతోనే పద్యం చెప్పమని అవధానంలో నిషేధం పెడతారు. ప, ఫ, బ, భ, మలు లేకుండా భావం చెప్పవలసి వచ్చినప్పుడే కవికి తన భాషలో మరుగున పడివున్న మాటలు గుర్తుకువస్తాయి. రహీం సాహెబు పోటీలు కూడా అటువంటి నిరోష్ఠ్యరచనలే. డ్రిబ్లింగు అనే ఇష్టమైన మాట నాలుకమీదకు రాకుండా చేస్తే, కుర్రవాడు వేరే మాట వెదకక తప్పదు. బంతి రాకముందే తల ఎత్తి చూడాలి. ఎవడు ఎక్కడ ఉన్నాడో ఎరిగి ఉండాలి. బంతి కాలికి తగిలే మొదటి తాకులోనే అది ఎటు పోవాలో తేలిపోవాలి. పాదాన్ని గట్టిగా బిగించి ఎదురు పెడితే బంతి గోడకు తగిలినట్లు ఎగిరిపోతుంది. తగిలే క్షణంలో పాదాన్ని రవంత వెనక్కు తీసుకుంటే, అది ఒడిలోకి వచ్చిన పసిపిల్లవలె నిలుస్తుంది. ఆ రవంతలోనే ఉన్నది విద్య అంతా. తొలి తాకు మంచిదయితే రెండవ తాకుకు వ్యవధి దొరుకుతుంది. అది చెడితే ఎంతటి వేగమైనా నిష్ఫలం. బలరాం పక్షం వహించే అభిమానులు నేటికీ ఎత్తిచూపేది ఈ సంగతినే.

ఆయన డ్రిబ్లింగుకు శత్రువని, కళను చంపి కవాతు నేర్పాడని ఆక్షేపించేవారు లేకపోలేదు. ఆ ఆక్షేపణ నిలవదు. నిషేధం అభ్యాసపు పోటీలకు చెందినది. పెద్ద పోటీలలో ఆయన నడిపిన జట్టుకు నాయకుడైన చునీ గోస్వామి, భారతదేశం చూసిన డ్రిబ్లరులలో అగ్రగణ్యుడు. నిరోష్ఠ్యం సాధించిన కవి జీవితాంతం పవర్గను మాని రాయడు కదా!

1950లో రహీం సాహెబు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. ఆ నాటికి భారతదేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ జట్ల పేర్లు దేశమంతటా మారుమోగుతుండేవి. దక్కనునుండి వచ్చిన పోలీసు కానిస్టేబుళ్ళ జట్టు ఒకటి ఆ ప్రాబల్యాన్ని ఎదిరిస్తుందని ఎవరూ అనుకోలేదు. అది ఆ సంవత్సరమే డ్యూరాండ్ కప్పు గెలిచింది; తుదిపోటీలో ఓడినది మోహన్ బగాన్. 1891లో ఆరంభమైన బొంబాయి రోవర్స్ కప్పును 1950నుండి 1954వరకు వరుసగా 5 సంవత్సరాలు హైదరాబాదు పోలీసులే గెలుచుకున్నారు. మరే జట్టుకూ అన్నేళ్ళు వరుసగా ఆ కప్పు దక్కలేదు. సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ వంటివారు ఈ జట్టునుండే దేశపు జట్టుకు ఎక్కారు. వారి పేర్లు అజీజ్, నూర్ అని నగరంలో ఇంటింటా వినిపించేవి. నూర్ హాఫ్‌బ్యాక్. బంతిని లాగుకొని ముందు వరుసకు అందించే పని అతనిది. చప్పట్లు ఎప్పుడూ ముందు వరుసవారికే దక్కుతాయి కనుక, అంచు ఆటగాళ్ళను గురించి వాదించుకునేవారు, ఆ అంచుకు బంతి చేరవేసినదెవరని మాత్రం సాధారణంగా అడగరు.

1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం సాహెబు దేశపు జట్టుకు శిక్షకులు. శైలేన్ మన్నా నాయకుడు. ఇండొనీషియాను, ఆఫ్ఘనిస్థానాన్ని 3-0 చొప్పున ఓడించి, తుదిపోటీలో ఇరాన్‌పై సాహు మేవాలాల్ చేసిన ఒక్క గోలుతో భారతదేశం స్వర్ణపతకం గెలిచింది. స్వతంత్రదేశానికి అది ఎంతటి సంబరమో చెప్పనలవి కాదు. అయితే సరిగ్గా 16 నెలలకు ఆ సంబరం నీరుగారిపోయింది.

1952 జులై 15న హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో భారతదేశం యుగోస్లావియాతో తలపడింది. చలిదేశం. మన ఆటగాళ్ళలో ఎక్కువమందివి బోసికాళ్ళు. ఎదుట ఉన్నవారు ఆ పోటీలలో రజతం గెలవబోతున్న జట్టు. 10 గోళ్ళు పడ్డాయి. మనకు అహ్మద్ ఖాన్ చేసిన ఒక్కటే దక్కింది. ఇంతకంటే హృదయవిదారకమైన పరాజయం ఆ తరం చూడలేదు. దాని పర్యవసానంగా బూట్లు తొడిగి ఆడడం దేశంలో తప్పనిసరి అయింది. (1950 ప్రపంచకప్పుకు మన జట్టు బ్రెజిల్ వెళ్ళకపోవడానికి బూట్ల నిషేధమే కారణమని ఒక కథ ప్రచారంలో ఉన్నది గాని, అది వినసొంపైన కథే తప్ప చరిత్ర కాదు. సంఘపు పెద్దలు ఆ పోటీకి ప్రాముఖ్యం ఇవ్వకపోవడం అసలు కారణాలలో ఒకటి.)

బూట్లు తొడగడం సులభం. తొడిగిన కాలితో బంతిని ఎరగడం కష్టం. బోసిపాదానికి కన్ను ఉంటుంది. బంతి కుట్టు ఎక్కడ ఉన్నదో, అందులో గాలి ఎంత ఉన్నదో చర్మానికి తెలిసిపోతుంది. మందపు తోలు అడ్డం వచ్చేసరికి ఆ కన్ను మూసుకుపోతుంది. ఇరవై ఏళ్ళుగా వచ్చిన విద్య ఒక్కరోజులో అక్కరకు రాకుండాపోయిన ఆటగాళ్ళు ఎందరో. హెల్సింకీ తరువాత రహీం సాహెబు ముందున్న సమస్య ఇదే: బూటులోని కాలికి తొలి తాకును మళ్ళీ ఓనమాలనుండి నేర్పాలి. ఓటమికి వాతావరణాన్ని, అదృష్టాన్ని నిందించి ఊరుకోగలిగినవాడు శిక్షకుడే కావచ్చును గాని ఉపాధ్యాయుడు కాడు.

అదే హెల్సింకీలో స్వర్ణం గెలిచినది హంగరీ జట్టు. మరుసటి సంవత్సరం నవంబరులో అది లండనులోని వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును 6-3తో ఓడించి లోకాన్ని దిగ్భ్రమలో ముంచింది. వారి కిటుకు సెంటర్ ఫార్వర్డును వెనుకకు లాగడం. అప్పటి ఆనవాయితీలో ఎదుటి జట్టు నడిమి రక్షకుడు సెంటర్ ఫార్వర్డును నీడవలె వెంటాడేవాడు. ఆ సెంటర్ ఫార్వర్డు నడిమైదానానికి దిగిపోతే రక్షకునికి ధర్మసంకటం. వెంట పోతే వెనుక గుమ్మం తెరుచుకుంటుంది. పోకపోతే అవతలివాడు తీరుబడిగా పాసులు పంచుతాడు. ఆ తెరుచుకున్న గుమ్మంలోకి లోపలి ఫార్వర్డులు దూరుతారు. వింగులలోనివారు గీతను అంటిపెట్టుకొని నిలిచి ప్రత్యర్థుల వరుసను రెండు ప్రక్కలకూ సాగదీస్తారు. రహీం సాహెబు ఈ పద్ధతిని శ్రద్ధగా అధ్యయనం చేసి మన ఆటగాళ్ళకు తగినట్లుగా మలిచారు. 1958లో బ్రెజిల్ ప్రపంచకప్పు గెలిచిన తరువాత 4-2-4 అనే వ్యూహం అందరి నోట నానింది. ఆ వ్యూహపు పోకడలు అంతకు రెండేళ్ళు ముందే మెల్‌బోర్నులో మన జట్టు ఆటలో కనిపించాయి.

అయితే ఈ వ్యూహం కాగితంమీద గీసినంతలో నడిచేది కాదు. సెంటర్ ఫార్వర్డు దిగినప్పుడు బంతి అతని కాలివద్ద ఒక క్షణం కంటే నిలవరాదు. నిలిస్తే రక్షకుడు తేరుకుంటాడు. అంటే ఆడేవారందరికీ తొలి తాకు, వెనువెంటనే పాసు అలవాటై ఉండాలి. కాచిగూడ పిల్లలకు పెట్టిన నిషేధాల పోటీలకు, హంగరీ వ్యూహానికి ఉన్న చుట్టరికం ఇక్కడ తేటపడుతుంది.

బలరాం ఆయన కంటపడినది ఈ రోజులలోనే. సికింద్రాబాదు శివార్లలోని అమ్ముగూడలో బీద కుటుంబంలో పుట్టిన కుర్రవాడు. ఆటలో దిట్ట. రహీం సాహెబు అతనిని శిక్షణకు రమ్మన్నారు. కాని అంత దూరంనుండి ప్రతిదినం నగరానికి రావడానికి అతనివద్ద డబ్బులు లేవు. ఆ సంగతి తెలిసి ఆయన అద్దె సైకిలుకు అయ్యే సొమ్ము తామే ఏర్పాటు చేశారు. ప్రతిభ గల పిల్లవాడు బడికి రాకపోతే, రాకపోవడానికి కారణం కనుక్కోవడం ఉపాధ్యాయుని మొదటి పని. ఆ పని చేయడంవల్ల హైదరాబాదు 1956-57లో, మరల 1957-58లో సంతోష్ ట్రోఫీ గెలిచినది అనడం అతిశయోక్తి కావచ్చును. భారతదేశానికి ఒక బలరాం దక్కాడనడం మాత్రం అతిశయోక్తి కాదు. ఇరవై ఏళ్ళు నిండీనిండని వయసులో అతడు ఒలింపిక్ జట్టులో ఉన్నాడు.

1956 డిసెంబరు 1న మెల్‌బోర్నులో భారతదేశం ఆతిథేయులైన ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా 3 గోళ్ళు చేశాడు. దానితో సెమీఫైనలులో ప్రవేశించిన తొలి ఆసియా దేశం అయింది. అక్కడ ఎదురైనది మళ్ళీ యుగోస్లావియాయే. హెల్సింకీ గాయం మానని ఆటగాళ్ళు ఇంకా ఉన్నారు. రెండవ సగంలో డిసౌజా గోలుతో మనవారే ముందంజ వేశారు. కొద్ది నిమిషాలపాటు ఒలింపిక్ ఫైనలు కంటికి కనిపించింది. అటుతరువాత యుగోస్లావియా విజృంభించి 4-1తో గెలిచింది. మూడవ స్థానపు పోటీలో బల్గేరియా చేతిలో 0-3తో ఓడి మనవారు నాల్గవ స్థానంతో తిరిగివచ్చారు. 10-1 ఎక్కడ, ఆ కొద్ది నిమిషాల ఆధిక్యం ఎక్కడ! ఆ నాలుగేళ్ళ దూరాన్ని కొలిచినవారికే రహీం సాహెబు పని విలువ తెలుస్తుంది.

1960లో రోము ఒలింపిక్ క్రీడలలో బెనర్జీ నాయకుడు. పతకం లేదు, గెలుపైనా లేదు. కాని హంగరీవంటి జట్టుతో 1-2గా ఓడడం, బెనర్జీ గోలుతో ఫ్రాన్సును 1-1 దగ్గర నిలబెట్టడం సామాన్యం కాదు. హంగరీపై గోలు చేసినవాడు బలరాం. కుడివైపు, ఎడమవైపు అని తగవులాడుకునే అభిమానులకు రోము రెండువైపులా సాక్ష్యం ఇచ్చింది. పెరూ చేతిలో 1-3తో ఓడి జట్టు ఇంటిదారి పట్టింది. భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్ క్రీడలలో ఆడడం ఆ తరువాత మరి జరగలేదు.

రహీం సాహెబు జీవితంలో శిఖరం జకార్తా. ఆ శిఖరాన్ని ఎక్కేనాటికి ఆయన ఊపిరితిత్తులను క్యాన్సరు తినివేస్తున్నది.

1962 ఆసియా క్రీడలకు ఇండొనీషియా ఆతిథ్యం వహించింది. ఇజ్రాయెలుకు, తైవానుకు అక్కడి ప్రభుత్వం ప్రవేశం నిరాకరించగా, భారతీయుడైన సోంధీ అవి ఆసియా క్రీడలు అనిపించుకోదగినవేనా అని ప్రశ్నించారు. దానితో ఆ దేశంలో భారతీయులపై ఆగ్రహం రగిలింది. మన రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. రాజకీయాలతో ఏ సంబంధమూ లేని పదకొండుగురు కుర్రవాళ్ళు ఆ ఆగ్రహం నడుమ ఆడవలసి వచ్చింది.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. తరువాత థాయిలాండుపై 4-1తో గెలిచారు గాని, ఆ ఆటలో వెన్నెముకవంటి రక్షకుడు జర్నయిల్ సింగు తలకు గాయం తగిలి కుట్లు పడ్డాయి. జపానును 2-0తో ఓడించి సెమీఫైనలు చేరారు. జర్నయిల్ లేని రక్షణవరుసను అరుణ్ ఘోష్ నిలబెట్టాడు. ఇక్కడ రహీం సాహెబు చేసిన నిర్ణయం విన్నవారిని నేటికీ ఆశ్చర్యపరుస్తుంది. తలకు కట్టుతో ఉన్న జర్నయిల్‌ను తిరిగి రక్షణలోకి దింపలేదు. సెంటర్ ఫార్వర్డుగా నిలిపారు! చక్కగా సాగుతున్న రక్షణను కదిలించకుండా, ఎదుటివారి రక్షకులతో భుజం భుజం రాసుకోగల బలిష్ఠుడిని ముందుకు పంపడం ఆయన ఆంతర్యం. దక్షిణ వియత్నాంపై సెమీఫైనలులో జర్నయిల్ గోలు చేశాడు; భారతదేశం 3-2తో నెగ్గింది.

తుదిపోటీ మళ్ళీ దక్షిణ కొరియాతో. ఆటగాళ్ళు తరువాతి కాలంలో చెప్పుకున్నదానినిబట్టి, ముందునాటి రాత్రి రహీం సాహెబు వారిని దగ్గరకు పిలిచి, తనకొక కానుక కావాలని, అది స్వర్ణపతకమని అడిగారట. తన వ్యాధి సంగతి ఆయన చెప్పలేదు. వారికి ఎంత తెలుసునో, ఎంత తెలియదో ఇప్పుడు నిర్ణయించడం కష్టం.

1962 సెప్టెంబరు 4. సెనాయన్ స్టేడియంలో ఇంచుమించు లక్షమంది ప్రేక్షకులు. అంతమందీ మన జట్టును గేలి చేస్తున్నారు. పాకిస్తాను హాకీ ఆటగాళ్ళు మాత్రం గట్టుమీద కూర్చుని భారతదేశాన్ని ఉత్సాహపరిచారని ఆ ఆట ఆడినవారు కృతజ్ఞతతో చెప్పుకునేవారు. కొరియావారు గాలిలో బంతులు వేయడంలో ఘటికులు. అందుచేత అంతవరకు గోలులో నిలిచిన ప్రద్యుత్ బర్మన్‌ను కాదని, హైదరాబాదులో పుట్టిన పొడగరి పీటర్ తంగరాజును దింపారు. ముందు వరుస ఇది: కుడి అంచున బెనర్జీ, ఎడమ అంచున బలరాం, నడుమ జర్నయిల్, ఇరువైపులా చునీ గోస్వామి, హైదరాబాదువాడే అయిన యూసుఫ్ ఖాన్. చునీ, బలరాం ఇద్దరూ సహజంగా ఎడమ లోపలి స్థానానికి చెందినవారు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు కనుక, తొలి తాకులో మేటి అయినవానిని ఆయన అంచుకు జరిపారు. ఇరుకైన గీతప్రక్కన, రక్షకుడు మీదపడుతుండగా బంతిని అదుపు చేయవలసిన చోటు అది. వేగం గలవాడు కుడి అంచున, అదుపు గలవాడు ఎడమ అంచున. అభిమానులు అరవై ఏళ్ళుగా ఎవరు గొప్ప అని తగవులాడుకుంటూ ఉంటే, గురువు మాత్రం ఇద్దరినీ ఒకే జట్టులో చెరొక ప్రక్క కూర్చి ఊరుకున్నారు.

17వ నిమిషంలో బెనర్జీ గోలు చేశాడు. 20వ నిమిషంలో జర్నయిల్, ఆ కుట్లు పడిన తలతోనే ఆడుతూ, రెండవది చేశాడు. గేలి చేస్తున్న మైదానం ఒక్కసారి చిన్నబోయింది. కొరియా చివరి నిమిషాలలో ఒకటి తిరిగి చేసింది గాని అప్పటికే సమయం మించిపోయింది. 2-1. భారతదేశానికి ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణం అది రెండవది. నేటివరకు మూడవది రాలేదు.

జకార్తానుండి తిరిగివచ్చిన పిమ్మట రహీం సాహెబు ఎంతోకాలం బ్రతకలేదు. వ్యాధి ముదిరింది. చివరి నెలలు మంచాన గడిచాయి. 1963 జూన్ 11న హైదరాబాదులో కన్నుమూశారు. వయసు 53 ఏళ్ళు. శిక్షకులను గౌరవించే ద్రోణాచార్య పురస్కారం దేశంలో నెలకొన్నది 1985లో. అంటే ఆయన పోయిన 22 ఏళ్ళకు. ఆయన శిష్యులలో బెనర్జీ, బలరాం, చునీ, జర్నయిల్, యూసుఫ్ ఖాన్, తంగరాజు వరుసగా అర్జున పురస్కారం పొందారు. గురువుగారి పేరు మాత్రం క్రమంగా ఆట ఎరిగినవారి సంభాషణలకే పరిమితమైంది. 2024లో ఆయన జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చలనచిత్రం వెలువడిన తరువాత, తమ ఊళ్ళో ఇటువంటి వ్యక్తి ఒకరుండేవారా అని హైదరాబాదు యువకులే విస్తుపోయారు.

ఆయన నాటినది వెంటనే వాడిపోలేదు. 1964 ఆసియా కప్పులో భారతదేశం రెండవ స్థానం పొందింది. 1970 బాంకాకు ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన జట్టుకు నాయకుడు హైదరాబాదువాడైన సయ్యద్ నయీముద్దీన్. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం రోము ఒలింపిక్ జట్టులో సభ్యుడై, పిమ్మట అంతర్జాతీయ రెఫరీ అయి, 2021లో మరణించారు. కాని గల్లీలలోని చిన్న పోటీలు, డ్రిబ్లింగు నిషేధించిన ఆటలు, పొట్టివారి ఆటలు ఆయనతోనే సన్నగిల్లాయి. పెద్ద జట్లకు పెద్ద జీతాలతో విదేశాలనుండి శిక్షకులు వచ్చారు. బడిలో డ్రిల్లు పీరియడు యథాప్రకారం పరీక్షలముందు రద్దవుతూనే ఉన్నది.

జకార్తాలో ముందు వరుసన నిలిచిన అయిదుగురిలో జర్నయిల్ సింగు 2000లో, యూసుఫ్ ఖాన్ 2006లో, బెనర్జీ, చునీ గోస్వామి 2020లో ఒక్క నెల పైచిలుకు తేడాతో గతించారు. ఊపిరితిత్తుల జబ్బు కారణంగా 1963లోనే, ఇరవై ఏడేళ్ళు నిండకముందే ఆట మానుకోవలసి వచ్చిన బలరాం, అందరికంటే వెనుక మిగిలాడు. అద్దె సైకిలుమీద అమ్ముగూడనుండి నగరానికి వచ్చిన ఆ కుర్రవాడు 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో మరణించాడు.